రొయ్యల హియరింగ్

మాట్లాడేవాళ్ల నోటి ముందు పెట్టాల్సిన మైకును ఆ కొత్త మనిషి సముద్రంలోకి దింపాడు.

తెప్ప నడుపుతున్న సోములుకు నవ్వాగలేదు.

“సేపల సేత ఉపన్యాసం ఇప్పిస్తావేటి బాబూ?”

“రొయ్యల చేత,” అంటూ ఆయన ఒళ్లో ఉన్న రికార్డింగు పెట్టె హెడ్‌ఫోన్లు తీసి సోములు చెవులకు తగిలించాడు.

చిటపట, చిటపట. సముద్రానికి ఎవరో పోపు పెడుతున్నట్టుంది.

అడుగున రాళ్ల సందుల్లో చిటికె రొయ్యలట. వేలెడంత ఒళ్లు, అందులో సగమంత ఒక చెయ్యి. ఆ చేత్తో చిటికేస్తే నీళ్లలో బుడగ పుట్టి పేలుతుందట, ఎదురున్న చేపపిల్ల సొమ్మసిల్లుతుందట. పెద్ద చెయ్యి ఊడితే చిన్న చెయ్యే పెద్దదై పెత్తనం చేస్తుందట. వందల రకాలున్నాయట. చూపు ఆనని రకమొకటి చేపను కాపలా పెట్టుకుని, దానికి మీసం ఆన్చి బొరియలోంచి బయటికొస్తుందట.

రొయ్య మీసాలకు ఇంత పనుందని సోములుకు అప్పటిదాకా తెలియదు.

“ఇవి పేలుతున్నాయంటే రాళ్లు బతికున్నట్టే,” అన్నాడాయన.

“ఇంతకీ ఏటి పని మీదొచ్చేవు బాబూ?”

“హియరింగ్ పని మీద.”

సోములు మొహంలో నవ్వు ఆరిపోయింది.

హియరింగంటే ప్రజల అభిప్రాయం వినే సభ. ఆ తీరంలో హియరింగుల తీరే వేరు. షామియానా వేస్తారు. చెప్పేది కంపెనీ, వినేది జనం, పోయేవి ఇళ్లు. పోయినసారి పక్క పేట పేటంతా లేచిపోయింది. ఈసారి రేవు కడతామని ఈ రాళ్ల మీద పడ్డారు. రాళ్లుంటేనే చేప, చేపుంటేనే పేట.

సోములు తెప్ప ఒడ్డుకు తిప్పేశాడు. ఒడ్డున సంగతి చెప్పగానే జనం మూగారు. ఆయనేదో చెప్పబోయాడు. హియరింగ్‌కి వచ్చినవాడి మాట ఒక్కరూ హియర్ చెయ్యలేదు.

“కంపెనీ మడిసినని ముందే సెప్పొచ్చు కదేటి,” అంటూ సోములే ఆ పెట్టె లాక్కుని కెరటాల్లోకి విసిరాడు.

ఆయన నడుంలోతు నీళ్లలో దిగి వెతికాడు. దొరకలేదు. తడిబట్టలతోనే ఆమదాలవలస బస్సెక్కాడు.

ఆ తర్వాత పెళ్లాం చిన్నతల్లి పోపు పెట్టినప్పుడల్లా సోములుకు ముద్ద దిగేది కాదు. పాపం, చెప్పేదేదో చెప్పనివ్వాల్సింది.

షామియానా లేచింది. అడుగున రాయే తప్ప రొయ్య లేదని కంపెనీవాళ్లు చదివి వినిపించారు.

సోములు లేచి రొయ్యో మొర్రో అన్నాడు. “ఉన్నాయండి. నా సెవుల్తో నాను ఇన్నాను.”

“నీ చెవులు కాగితాలకి గుచ్చలేం కదయ్యా,” అన్నాడు అధికారి. “రుజువుంటే ఇవ్వు. ఈరోజే ఆఖరు.”

సోములు కెరటాల వైపు చూసి కూర్చున్నాడు.

పక్కనే పేట తరఫు లాయరు దీపిక ఫైలు మూసేసింది.

“కంపెనీ చెవిన పడుతుందని మీకూ చెప్పలేదన్నా. ఆ రాళ్ల చప్పుడు రికార్డు చేసి మన తరఫున సాక్ష్యం చెప్పమని మోహనకృష్ణగారిని నేనే బతిమాలి పంపాను,” అంది. “పాపం, పెట్టె ఆయన చేతిలోంచే జారి సముద్రంలో పడిపోయిందట, మీకు మొహం చూపించలేక వెళ్లిపోయారట.”