ఇరవై ఒకటో ఫారం

ఎమ్మిగనూరు నేతపేట తంతి ఆఫీసులో అబ్దుల్ రహీమ్ అంటే ఒకప్పుడు అందరికీ ప్రాణం. టెలిగ్రాం ఫారం ఎవరు తెచ్చినా కాదనేవాడు కాదు. బల్ల మీది కొయ్యపెట్టెలో ముప్పై ఉన్నా, యాభై ఉన్నా, అడుగున ఇంకొకటి చేర్చి రసీదు రాసిచ్చేవాడు. మన జనం సంగతి తెలిసిందే. చేతికి రసీదు వస్తే చాలు, పని అయిపోయినట్టే.

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో పదిహేను రోజులు సెలవు పెట్టి వచ్చాక మనిషి మారిపోయాడు. పెట్టెలో ఇరవై ఫారాలు నిండితే ఇరవై ఒకటోది ముట్టుకోడు. బట్టల వ్యాపారులు బతిమాలారు. తర్వాత పైవాళ్ళకు అర్జీ పెట్టారు. ఉన్నది ఒక్కటే తీగ, రోజుకు ఇరవైకి మించి పోవు అని రహీమ్ జవాబు రాసి పంపాడట. పొగరెక్కిందన్నారు.

వానాకాలంలో ఒక సోమవారం పొద్దున్నే హులిగెమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. మగ్గం నేసే ఆమె మొగుడు మంచం పట్టాడు. కొడుకు పుల్లన్న ఆదోనిలో పత్తిమిల్లు కూలి. తండ్రి వాడి పేరే కలవరిస్తున్నాడు. ఎవరిచేతో రాయించుకొచ్చిన ఫారాన్ని కిటికీలోంచి తోసింది.

రహీమ్ అప్పటికే ఇరవై నిండిన పెట్టె వైపు చూసి ఫారాన్ని వెనక్కి ఇచ్చేశాడు.

"ఆయప్ప రేపటిదాంకా ఉండేటట్టు లేడు సాబూ. ఒక్క కాగితం పట్టదా ఆ పెట్టెలో?"

"పట్టదమ్మా. పది గంటల బస్సుండాది. నువ్వే పో."

పెట్టెలో ఉన్నవాటిలో సగం అలాంటి కబుర్లే. ఎవరిదీ వెనక్కి నెట్టనన్నాడు. వరసలో ఉన్నవాళ్ళు కూడా అతన్నే తిట్టారు. కిటికీ రెక్క మూసేశాడు. హులిగెమ్మ గుప్పెడు మట్టి ఎత్తి ఆ రెక్క మీద పోసి, ఏడుస్తూనే బస్సెక్కింది.

సాయంత్రానికి కొడుకును వెంటబెట్టుకొచ్చింది. పుల్లన్న చేతి నీళ్ళు తండ్రి రెండు గుక్కలు తాగాడు. వాడి చెయ్యి వదలకుండా పడుకున్నాడు. తెల్లారేసరికి పోయాడు.

దినాలకు వచ్చినవాళ్ళందరికీ హులిగెమ్మ చెప్పిందే చెప్పింది. రాతిగుండె మనిషట, ఒక్క కాగితానికి చోటివ్వలేదట. ఆ మాట రహీమ్ చెవిన పడింది. బాధగానే ఉన్నా తర్వాతి ఫారం తీసుకున్నాడు.

ఆ ఎండాకాలం సెలవుకు ముందు, గోనెగండ్లలో చావుబతుకుల్లో ఉన్న తన తల్లి మరియంబీ చిన్నకొడుకును చూడాలని అడిగితే, ఆదోనిలోని తమ్ముడికి రహీమ్ తన చేత్తో రాసి, వరస తప్పకూడదని అదే పెట్టెలో నలభై ఏడోదిగా పెట్టిన టెలిగ్రాం అందేసరికి, ఆమెకు మట్టి ఇచ్చి మూడు రోజులైంది.