యాభై రెండు కిలోలు

మేస్త్రీ మొదటి దెబ్బ ఆస్పత్రిలోనే కొట్టాడు.

గుండె ఆపరేషనై నలభై రోజులు మంచం దిగని పెళ్లాన్ని ఆ రోజే ఇంటికి పంపుతున్నారు. చక్రాల కుర్చీలో ఆవిడ దుప్పటి చుట్టిన చీపురుకట్టలా ఉంది. డాక్టరుగారు తలుపు దగ్గర నిలబడి జాగ్రత్తలు చెబుతున్నారు.

"మందులు మానకూడదు. రోజూ బరువు చూడండి..."

కుర్చీ తోసే బట్టతల మనిషికి నోరు ఊరుకోలేదు. పక్కవాడితో, "ఈవిడ బరువుకి ఉల్లిపాయల తక్కెడ చాలు" అన్నాడు.

అంతే. మేస్త్రీ వాడి చొక్కా పట్టి గోడకేసి బాదాడు. ముక్కు చిట్లి రక్తం చిమ్మింది. కుర్చీ పక్కకి ఒరిగింది. ఆవిడ కెవ్వుమంది. డాక్టరుగారు ఇంకా ఏదో అరుస్తూనే ఉన్నారు. ఆస్పత్రి కాగితాలు కాళ్ల కింద పడి నలిగిపోయాయి. కాపలావాళ్లు నలుగురూ కలిసి మొగుణ్ణీ పెళ్లాన్నీ గేటు దాటించి, మళ్లీ ఈ ఛాయలకొస్తే పోలీసులకు పట్టిస్తామన్నారు.

ఇంత గొడవలోనూ మేస్త్రీ ఒక్క మాట మాత్రం మరిచిపోలేదు. రోజూ బరువు చూడాలి.

బరువు చూడటం ఆయనకి ఒకరు నేర్పాలా? ఇరవై రెండేళ్లుగా గోదాములో కాంటా ఆయన చేతిలోనే ఉంది. పొద్దున్నే లారీలు రాకముందే పెళ్లాన్ని చెయ్యి పట్టి తీసుకొచ్చి కాంటా మీద నిలబెట్టేవాడు. మొదటి రోజు నలభై ఒకటి. సుద్దముక్కతో గోడ మీద రాశాడు. పదో రోజుకి నలభై నాలుగు. ఆ పూట హమాలీలందరికీ టీలు తెప్పించాడు.

"కిలో పెరిగిందంటే చావు ఒక వీధి వెనక్కి పోయినట్టేనే పిచ్చిదానా" అని ఆవిడ బుగ్గ గిల్లాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. బస్తా మీద పడి కాలు విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి.

వంట తనే చేసేవాడు. నోటికి రుచి తెలియడం లేదంటే ఉప్పు ఇంకాస్త వేసి, మాంసం పులుసు గ్లాసుల్లో పోసి తాగించేవాడు. గోడ మీద అంకెలు పైకి పాకాయి. నలభై ఏడు. నలభై తొమ్మిది.

ఆవిడకి మాత్రం అద్దం చూస్తే ఏడుపొచ్చేది.

"ఏమయ్యా, చెప్పుల్లో పాదం దూరడం లేదు. ఉంగరం కోయించాల్సొచ్చింది. రెండు మెట్లెక్కితే ఆయాసం. నా ఒళ్లు నాకే పరాయిదైపోయింది."

"ఒళ్లొచ్చాక ఆయాసం రాదా? నన్ను చూడు" అని తన బొజ్జ చరుచుకున్నాడు మేస్త్రీ. "నిన్నెవడైనా ఒక్క మాట అనమను. చీరేస్తాను."

అన్నవాళ్లని అన్నంత పనీ చేశాడు. "అమ్మగారు నిండుగా తయారయ్యారే" అన్న పాలవాడి నెత్తి మీద పాలక్యాను పడింది. ఆరు కుట్లు. "ఇంక విప్పడానికి కుట్లు లేవు, కొత్త గుడ్డ తేవాలి" అన్న టైలరు చూపుడు వేలు వెనక్కి విరిచాడు. పాపం, ఆ వేలితోనే అతనికి బతుకు. సొంత చెల్లెలు వచ్చి, "ఏంటొదినా, పుల్లలా వెళ్లి పీపాలా అయ్యావు? అన్నయ్యా, ఓసారి డాక్టరుకి..." అంటుండగానే బల్లని ఒక్క తన్ను తన్నాడు. గాజు గ్లాసు పగిలి చెల్లెలి చెయ్యి తెగింది. కొంగు చుట్టుకుని వెళ్లిన మనిషి మళ్లీ గడప తొక్కలేదు.

ఆ తర్వాత ఆ వీధిలో ఆవిడ ఒంటి గురించి నోరు మెదిపినవాడు లేడు. ఎదురొస్తే తల వంచుకుని పోయేవాళ్లు. మేస్త్రీ దాన్ని మర్యాద అనుకున్నాడు.

ముప్పై ఆరో రోజు ముల్లు యాభై రెండు దగ్గర ఆగింది. మేస్త్రీ ఆ అంకె గోడ మీద రాసి, చుట్టూ సుద్దతో పెద్ద సున్నా చుట్టాడు. ఆవిడ కాంటా దిగి, పక్కనున్న బస్తా మీద కూలబడి, గోడకి చేరగిలింది. పడుకుంటే ఊపిరాడటం లేదని నాలుగు రోజులుగా అలా కూర్చునే కునుకు తీస్తోంది.

మేస్త్రీ లోపలికి టీ తేవడానికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి బట్టతలవాడు కనబడ్డాడు. అదే మనిషి. ముక్కు కాస్త వంకరపోయింది. హమాలీ పనిలో ఉన్న తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చాడట. వచ్చినవాడు తమ్ముడి దగ్గరికి పోకుండా ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చీర కుచ్చిళ్లు కొంచెం పైకి జరిపి, చీలమండ మీద బొటనవేలు పెట్టి అదిమి పట్టాడు.

మేస్త్రీ చేతిలోంచి టీ జారిపోయింది. ఐదు కిలోల ఇనప గుండు చేతికొచ్చింది.

"ఎవర్రా నువ్వు, నా పెళ్లాం కాలు పట్టుకోడానికి!"

మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు హమాలీలందరికీ వినిపించింది. రెండో దెబ్బ దవడని రాసుకుంటూ పోయింది. కిందపడినవాణ్ణి కడుపులో తన్నాడు, మళ్లీ తన్నాడు. ఆవిడ ఆపబోయింది. అరవడానికి ఊపిరి చాల్లేదు. చివరికి ఆరుగురు హమాలీలు మేస్త్రీ మీద పడి పట్టుకున్నారు.

బట్టతలవాడు రెండు పళ్లు ఉమ్మేశాడు. తన రక్తం తుడుచుకోలేదు. వేలితో ఆవిడ చీలమండ చూపించాడు. అతని బొటనవేలు దిగిన చోట గుంట ఇంకా అలాగే ఉంది. పూడటం లేదు.

"అది ఒళ్లు కాదయ్యా, నీరు... రెండు కిలోలు పెరిగితే పరుగున తీసుకురమ్మని డాక్టరుగారు అరుస్తుంటేనే కదా, ఆ రోజు నువ్వు నా ముక్కు పగలగొట్టింది" అన్నాడు.