మడుగు గట్టున చెత్త కొంగ

అడవి అంచున ఉన్న మడుగుకి ఏటా వలస కొంగలు వచ్చేవి. ప్లాస్టిక్ సంచులు, సీసాలు, తెగిన వలలు పేరుకుపోయాక రావడం మానేశాయి. పైనుంచి చూస్తే నీళ్ళు కనబడితేగా!

ఒకనాడు తాబేలు మెడకి వల చుట్టుకుని ఊపిరాడలేదు. నల్లమ్మ అనే కాకి ముక్కుతో పోగులు తెంపి విడిపించి, ఆ వలని గట్టుకి లాగింది.

"గాలొస్తే మళ్ళీ నీళ్ళలోనే పడుతుంది కదా నల్లమ్మా," అంది తాబేలు.

"పడనివ్వను. ఈ చెత్తంతా తీసి తాటిచెట్టంత కొంగని చేద్దాం. ఆకాశంలో పోయే కొంగలకి కనబడాలి."

"చెత్తతో కొంగా! చూసినవాళ్ళు నవ్విపోతారు," అని నెమలి ఈసడించింది.

తాబేలు నీటి అడుగునుంచి మోసుకొచ్చింది, నల్లమ్మ అల్లింది. సగంలో గాలివాన కూల్చేస్తే నల్లమ్మ ఏడ్చేసింది, ఏడుస్తూనే మళ్ళీ మొదలుపెట్టింది. అది చూసి కప్పలు, ఉడతలు తలో చెయ్యి వేశాయి. సంచులు రెక్కలయ్యాయి. కొంగ లేచి నిలబడేసరికి కింద మడుగు తేటపడింది.

చలి మొదలైన ఓ పొద్దున ఆకాశమంతా రెక్కల చప్పుడు.

"అదిగో మనవాడు! నీళ్ళున్నాయి, దిగండర్రా!" అంటూ కొంగలు గుంపులుగా వాలాయి. మడుగు తెల్లబడిపోయింది. నల్లమ్మ గొంతు చించుకుని అరిచింది. ఆ రోజు ఆ గొంతు ఎవరికీ కటువుగా వినబడలేదు.

నెమలి మెల్లగా దగ్గరికొచ్చింది. "నల్లమ్మా, ఈ ఈక పనికొస్తుందా?"

"ఊడిందా, పీక్కొచ్చావా?"

"ఊడిందే."

"అయితే ఇలా ఇవ్వు. మన కొంగకి కుచ్చు పెడదాం."