మా కోడలు ఖాళీగా లేదు

స్నానం చేసి వచ్చేసరికి వీణ ఫోను అత్తగారి చెవి దగ్గర ఉంది.

పార్వతమ్మ కుర్చీలో తీరుబడిగా కూర్చుని, సగం హిందీ, సగం ఛత్తీస్‌గఢీ కలిపి అవతలివాళ్లకు ఏదో నచ్చజెబుతోంది. వీణ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తడి జుట్టు నుంచి నీళ్లు వీపు మీదకు కారుతున్నా తుడుచుకోవాలని తోచలేదు. తను రెండు చోట్ల ఇంటర్వ్యూలకు వెళ్లిన సంగతి భర్త మోహనకృష్ణకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏదో ఒకటి చేతికొచ్చాక అమ్మకు చెబుదాంలే అన్నాడతను.

పార్వతమ్మ మాటలు ముగించి ఫోను బల్ల మీద పెట్టింది.

"ఎవరత్తయ్యా?"

"దేవేంద్ర నగర్ ఆస్పత్రోల్లమ్మా. నీ కోసమే సేసినారు."

"ఏమన్నారు?"

"ఆల్లేటంటారు? నానే సెప్పీసినాను. మా కోడలు ఖాళీగా నేదు, మీ కోసం కూసోని ఉండదు అని."

ఆస్పత్రి హెల్ప్ డెస్క్ ఉద్యోగం మీదే ఆమె ఆశలన్నీ ఉన్నాయి. తిల్దాలోని బడివాళ్లు వారం కిందటే సరేనన్నారు. పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పాలి, రోజూ చీకటి ఉండగానే లేచి రైలు పట్టుకోవాలి. వస్తారో రారో ఈ సాయంత్రంలోగా చెప్పమన్నారు. ఆస్పత్రివాళ్లు పిలుస్తారేమోనని ఇప్పటిదాకా బడివాళ్లను ఆపుతూ వచ్చింది. తీరా పిలుపు వచ్చిన రోజున ఇలా అయింది.

అత్తగారిని ఏమైనా అంటే ఏడుపు వచ్చేస్తుందని భయం. చేతికందిన చీర కట్టుకుని, చిన్న పనుంది, ఇప్పుడే వస్తానని బయల్దేరింది.

"రెండు ముద్దలు తినీసి ఎల్లమ్మా," అంది పార్వతమ్మ వెనక నుంచి. వీణ వినిపించనట్టే మెట్లు దిగిపోయింది.

ఆటోలో కూర్చోగానే భర్తకు ఫోన్ చేసింది. డ్యూటీలో ఉన్నాడేమో, ఎత్తలేదు. తిల్దా ప్రిన్సిపాల్ నంబరు తీసింది. ఇది ఎలాగూ పోయింది, అదైనా ఖాయం చేసుకుంటే సరిపోతుందనిపించింది. వేలు ఆ నంబరు మీదే ఆగింది. ఒక్కసారి ఆస్పత్రికి వెళ్లి, ఇంట్లో పెద్దావిడ తెలియక అలా మాట్లాడిందని చెప్పుకుని, అప్పుడు చూద్దామనుకుని ఫోను సంచిలో వేసేసింది.

ఇంటర్వ్యూ చేసిన రాజశ్రీ మేడం వరండాలోనే ఎదురుపడింది. వీణ క్షమించమనబోతుంటే నవ్వుతూ తన గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

పొద్దున మేడం ఫోన్ చేసింది నిజానికి మంచి కబురు చెప్పడానికి కాదట. నిర్ణయం తేలడానికి ఇంకొన్నాళ్లు పడుతుందని చెబుదామనే చేసిందట. పార్వతమ్మ ఆ మాట ఒప్పుకోలేదు. తిల్దావాళ్లు సాయంత్రం దాకానే గడువిచ్చారని, పిల్ల మనసేమో మీ ఆస్పత్రి మీద ఉందని, అవునో కాదో ఇవాళే తేల్చి చెప్పడం పెద్దవాళ్ల లక్షణమని గట్టిగా చెప్పిందట.

"తిల్దా సంగతి ఆవిడకెలా తెలిసింది?" అంది వీణ.

"నేనూ అదే అడిగాను. బజారుకని మంచి చీర కట్టుకుని వెళ్లి, ఖాళీ సంచితో తిరిగొచ్చే కోడల్ని చూస్తే తెలియదా అన్నారు. మిగతాది కొడుకు చేత చెప్పించారట. అలా వచ్చిన రోజున మీరు అన్నం సరిగ్గా తినరట కదా. అడిగితే చిన్నబుచ్చుకుంటారని అడగలేదన్నారు. చేతికొచ్చాక తనే చెబుతుంది, ఆ సంతోషం పిల్లకి ఉండనీ అన్నారు."

వీణ తల వంచుకుంది. ఈ మనిషికి తెలియకూడదనే కదా ఇన్నాళ్లూ తను గదిలో తలుపేసుకుని, గుసగుసగా ఫోన్లు మాట్లాడుకుంది. తలుపు అవతల ఆమె తన అడుగుల చప్పుడైనా వినబడకుండా తిరిగి ఉంటుంది. పొద్దున తినమని పిలిస్తే వినిపించనట్టు వచ్చేసిన సంగతి గుర్తొచ్చి మరీ బాధేసింది.

ఆ ఫోను తర్వాత రాజశ్రీ డైరెక్టరుతో మాట్లాడిందట. వీణ సోమవారం నుంచి పనిలోకి రావచ్చు. చలికాలంలో పొద్దుటి షిఫ్టు వేయకూడదని కూడా పార్వతమ్మ ముందే మాట తీసుకుందట.

వీణ అక్కడే తిల్దాకు ఫోన్ చేసింది. రాలేనని మర్యాదగా చెప్పి, ఇన్నాళ్లు ఆగినందుకు ధన్యవాదాలు చెప్పుకుంది. కళ్లు తుడుచుకుని లేచింది. వెంటనే ఇంటికి వెళ్లాలి. అత్తగారి పక్కన కూర్చుని అన్నం తినాలి. అన్నీ తనే మొదటిసారి చెబుతున్నట్టు, ఆమె మొదటిసారి వింటున్నట్టు చెప్పాలి.

గుమ్మం దాటుతుంటే రాజశ్రీ మళ్లీ పిలిచింది. మొహమాటపడుతూనే, ఇంకో చిన్న సాయం చేయాలంది. పల్లెల నుంచి వచ్చే ముసలివాళ్లు డాక్టర్ల ముందు నోరు విప్పరు, వాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల భాషలో మాట్లాడే పెద్దావిడ ఒకరు ఆస్పత్రికి కావాలి. పొద్దున ఫోన్లో పార్వతమ్మ మాట తీరు విని, మీరే వచ్చేయండి అని అక్కడికక్కడే అడిగేసిందట.

"మీరైనా ఇంట్లో గట్టిగా చెప్పి చూడండి," అంది రాజశ్రీ. "ఆవిడకి ఇంకో రెండు చోట్ల ఇంటర్వ్యూలు అయ్యాయట. అక్కడ తేలేదాకా మమ్మల్ని ఆగమన్నారు."