బెత్తెడు కింద

అప్పాజీకి వీరవేణి మీద పీకలదాకా కోపం.

రెండు నెలలుగా తన చేపల చెరువుకి కాపలా కాస్తూ, డబ్బాల కొద్దీ తుపాకీ పెల్లెట్లు కాల్చి, ఒక్కటంటే ఒక్క పిట్టని చంపలేదు.

పాలకొల్లు అవతల చెరువు అది. తొంభై ఎనిమిదిలో అప్పు చేసి శీలావతి, బొచ్చె చేపపిల్లల్ని వదిలాడు. వదిలిన దగ్గర్నించీ నీటికాకులూ గూడకొంగలూ పంక్తి భోజనానికి పిలిచినట్టు వచ్చి దిగేవి. చేప పోతే బ్యాంకు వాళ్ళు చెరువుకే ఎసరు పెడతారు.

అలాంటప్పుడు వచ్చింది వీరవేణి. పాతికేళ్ళుంటాయి. సైకిలు వెనక గోనెపట్టాలో చుట్టిన ఎయిర్ రైఫిలు.

"జీతం వద్దండి. పెల్లెట్లు కొనిపెట్టండి చాలు."

"తుపాకీ కాల్చడం ఎక్కడ నేర్చావమ్మా?"

"కాలేజీలోనండి."

"మా రోజుల్లో కాలేజీల్లో చదువు చెప్పేవారు," అని నవ్వి ఒప్పుకున్నాడు అప్పాజీ. జీతం అడగని మనిషిని వద్దనేవాడు ఆ జిల్లాలో లేడు.

పిట్టలు దిగకుండా తాళ్ళు కడదామని చెరువులో వెదురు గెడలు పాతించాడు. పిట్టలు హాయిగా వాటి మీదే కూర్చునేవి.

వీరవేణి గట్టున నిలబడి రైఫిలెత్తి, రాయిలా ఉండిపోయేది.

"ఏంటమ్మా ఇంకా? అది తినేసి మూతి కూడా తుడుచుకుంది!"

టప్‌మనేది. పిట్ట ఎగిరిపోయేది.

"మళ్ళీ తప్పింది!"

"వెళ్ళిపోయింది కదండీ."

పక్క చెరువు హరిబాబు గట్టు మీంచి కేకేసేవాడు.

"అప్పాజీ గారూ! మీ తుపాకీ అమ్మాయి కొంగలకి టాటా చెబుతోందా అండీ?"

అప్పాజీకి తల కొట్టేసినట్టయ్యేది.

ఒకరోజు తేల్చేశాడు.

"ఒక్కదాన్ని కొట్టమ్మా. చచ్చినదాన్ని గట్టు మీద వేలాడగడితే మిగతావి ఈ ఛాయలకి రావు. మా తాతల నాటి నించీ అదే పద్ధతి."

ఆమె రైఫిలు దించేసింది.

"అది నావల్ల కాదండి."

"గురి లేదని ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"ఈ సీజనొక్కటీ ఉండనివ్వండి. నాకిది చాలా అవసరమండి."

"నాకూ చేపలు అవసరమే. పదమ్మా, పద."

గోనెపట్టా చుట్టుకుని సైకిలెక్కింది.

మర్నాడు నాటు తుపాకీతో భీమరాజు దిగాడు. మొదటి దెబ్బకే గూడకొంగ పడింది. దాన్ని రెక్కలు విప్పదీసి, రోడ్డుకి ఎదురుగా గట్టు మీద వేలాడగట్టారు. హరిబాబు పనిమాలా వచ్చి చూశాడు.

"గురంటే ఇదండీ!"

ఆ వారంలోనే అటుగా వెళ్తున్న ఫారెస్టు వాళ్ళ జీపు, కొంగని చూసి ఆగింది.

"దీన్ని చంపితే జైలని తెలీదా?"

భీమరాజు చేలకడ్డంపడి పారిపోయాడు. చెరువు పారిపోలేదు కనక కేసు అప్పాజీ మీద పడింది.

ప్లీడర్లు, వాయిదాలు. అప్పాజీ కోర్టు మెట్లెక్కి దిగే లోపు పిట్టలు చెరువుని ఊడ్చేశాయి. వీరవేణి ఉన్నన్నాళ్ళూ చేప తగ్గలేదన్న సంగతి అప్పుడు తట్టింది.

బ్యాంకు వాళ్ళు వచ్చారు. చెరువు కొంటానని ముందుకొచ్చింది హరిబాబే.

రిజిస్ట్రేషను కాగానే అప్పాజీ ఎదుటే నీళ్ళు తోడించి, గెడలు పీకించాడు.

"ఇదేంటండీ అప్పాజీ గారూ, పురుగు తొలిచిందా? ప్రతి గెడకీ ఒక్కటే బెజ్జం!"

పిట్ట కాళ్ళు ఆనే చోటుకి సరిగ్గా బెత్తెడు కింద.

అప్పాజీ ఒక గెడని వంచాడు. బోలు వెదురులోంచి సీసం గుళ్ళు జలజలా రాలాయి. ఎన్ని రాలినా, అవి లోపలికి పోయిన దారి ఒక్కటే.

ఆ సాయంత్రం వాకబు చేసుకుంటూ పాలకొల్లులో వీరవేణి ఇంటికి వెళ్ళాడు. తల్లి లోవలక్ష్మి వాకిట్లో మిషను కుడుతోంది.

"అమ్మాయిని ఓసారి పిలవండమ్మా. ఇంకో చెరువు లీజుకి తీసుకుంటున్నాను. ఈసారి జీతం కూడా ఇస్తాను."

"అది ఊళ్ళో లేదండి. మీరు వద్దన్నాక ప్రాక్టీసుకి చోటు లేక హైదరాబాదు పోయింది. ఒకళ్ళింట్లో వంట చేస్తూ తుపాకీ ప్రాక్టీసు చేసుకుంది. ఇప్పుడు ఢిల్లీలో ఉందండి."

"మరి మా దగ్గర ఒక్క పిట్టకీ తగల్లేదేంటండీ?"

లోవలక్ష్మి మిషను ఆపి, వింతగా చూసింది.

"తగిలితే చచ్చిపోతాయి కదండీ!"

ఢిల్లీలో ఎందుకుందో కూడా ఆవిడే చెప్పింది. దేశం తరఫున షూటింగు పోటీల్లో రైఫిలు పట్టబోయే మనిషి జీతం లేకుండా కాపలా కాసిన ఆ రెండెకరాల ముప్ఫై సెంట్ల చెరువూ అప్పటికే హరిబాబుది.