అమ్మవారి ముక్కు

"ముక్కేది తల్లీ! నీ ముక్కేది?" ఇత్తడి అమ్మవారిని ఒళ్లె పెట్టుకొని సమ్మక్క నెత్తి కొట్టుకుంటున్నది.

యూనివర్సిటీ అటెండర్ల క్వార్టర్లల ఇల్లు. పొద్దుగాల మొగడు వీరస్వామిని కడుపు ఆపరేషనుకని దవాఖానకు తీస్కపోయిన్రు. అత్త రాములమ్మ ఎంబడే ఉరికింది. అమ్మవారి మీద కోడలిని ఎన్నడు చెయ్యి వెయ్యనియ్యని మనిషి. కిలుము పట్టిన తల్లికి మొక్కితే ఏం ఇంటదని సమ్మక్కే తోమ కూసున్నది. అరవై తొమ్మిదో యేడు, తెలంగాణ బందు. తార్నాకల ఒక్క దుకాణం తెరువలేదు, ఇంట్ల చింతపండు లేదు. ఇటికపొడి పోసి పీచుతోటి కసికసి రుద్దింది. తల్లి బంగారం లెక్క మెరిసింది గని ముక్కు లేదు. ఆ జాగల నున్నగ, గోరు లెక్క ఉన్నది.

దిక్కులేనోళ్లకు దేవుడే దిక్కంటరు. ఆ తల్లికే ముక్కు లేకపాయె!

పక్కింటి విశాలాక్షి గోడ మీంచి తొంగిచూసింది. కోస్తా మనిషి. "అయ్యో రామ! దేవుణ్ణి ఇటికపొడితో తోముతారటే ఎవరైనా? భిన్నమైపోయింది, ఇంక పూజకు పనికిరాదు."

"గట్లనకు అక్కా! ఆయన ఆపరేషన్ బల్ల మీదున్నడు!"

"నేనన్నానా? పెద్దవాళ్లు అంటారు."

సమ్మక్క మోరిల చెయ్యి పెట్టి బురద తోడింది. ఇటికపొడంత చాటల పోసి చెరిగింది. మెతుకులు దొరికినయి, ముక్కు దొరకలె.

"నా ముక్కు కోస్కో తల్లీ. ఆయన్ని ఇడ్సిపెట్టు."

అప్పుడే గడపల నీడ పడ్డది. అత్త! బస్సుల్లేక నడిచొచ్చింది, కాళ్లనిండ దుమ్ము. కోడలిని చూసింది, అమ్మవారిని చూసింది.

సమ్మక్క అత్త కాళ్లు పట్టుకున్నది. "చెప్పు అత్తా, ఏమైంది? నేనే చేసిన. తల్లి ముక్కు నేనే పోగొట్టిన. నన్ను నరికెయ్యి!"

రాములమ్మ తలుపు గొళ్లెం పెట్టింది. నడుముకు చెక్కిన ఆకుల సంచి తీసి, వక్కలు పక్కకు జరిపి, ఓ గుడ్డముడి విప్పింది. అండ్ల పసుపు కలిపి చేసిన తేనెమైనం ముక్కులు, గుప్పెడు.

"నా కొడుకు మంచిగున్నడు, కండ్లు తెరిసిండు, నీ ఏడుపాపు," అన్నది గుసగుసగ. "గని మైనం ముక్కును రుద్దుతరానే, పిచ్చిదానా? ముందుగాల ఊడదీసి, పక్కకు పెట్టి, గప్పుడు తోమాలె!"