పక్కగదిలో కంప్యూటర్

“ఈ లైసెన్సు మీ పేరు మీద లేదు మేడం,” అన్నాడు ఫోన్‌లో కస్టమర్ కేర్ కుర్రాడు. “ఎవరి పేరు మీదుందో వాళ్లు సరేనంటేనే కొత్త కంప్యూటర్‌కి మార్చగలం.”

ఆమె గొంతు సవరించుకుంది. పొద్దుట్నుంచి ఎవరితోనూ మాట్లాడే పని పడక గొంతు పట్టేసినట్టుంది.

“మావారి పేరు మీదుంటుంది. అప్పట్లో ఆయనే కొన్నారు.”

“అయితే ఆయన్ని ఒక్క నిమిషం లైన్‌లోకి రమ్మనండి.”

ఆమె పక్కగది తలుపు వైపు చూసింది. ఎప్పటిలాగే మూసి ఉంది.

“ఆయన మాట్లాడరు బాబూ.”

“ఫర్వాలేదు మేడం, సార్ ఖాళీ అయ్యాక నేనే మళ్లీ చేస్తాను.”

“అది కాదు. ఆయన మాట విని మూడేళ్లు దాటింది.”

అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

“అయ్యో, సారీ అమ్మా,” అన్నాడు కుర్రాడు. ఇందాకటి ‘మేడం’ ఎటుపోయిందో, ‘అమ్మా’ వచ్చి కూర్చుంది. గొంతు కూడా మెత్తబడింది. ఆమె ఏదో చెప్పబోయింది. ఆ మెత్తదనం ఇంకాసేపు వినాలనిపించి ఊరుకుంది.

ఆమె ఇంట్లోనే డీటీపీ చేస్తుంది. పిల్లల వాచకం ఒకటి చేతిలో ఉంది. సాయంత్రానికల్లా పేజీలు అందకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని ప్రెస్సాయన పొద్దున్నే మెసేజ్ పెట్టాడు. చూస్తే కొత్త కంప్యూటర్ మొదటి మెట్టు దగ్గరే మొరాయించింది. డబ్బాలో దాచిన అట్టముక్క మీది నంబరు ఎన్నిసార్లు కొట్టినా ఒకటే మాట: ఈ ఆపరేటింగ్ సిస్టమ్ లైసెన్సు వేరే కంప్యూటర్‌లో వాడుకలో ఉంది.

“పాత కంప్యూటర్ ఎక్కడుందమ్మా?”

“పక్కగదిలో. అది ఆయన గది.”

“మీరు వెళ్లి దాంట్లో ఒక బటన్ నొక్కితే చాలు, లైసెన్సు విడిపోతుంది.”

“నేనా గదిలోకి వెళ్లను బాబూ.”

“అర్థమైందమ్మా. మా నాన్న పోయాక మా అమ్మ కూడా అంతే. ఆయన బీరువా ఇప్పటికీ ఎవర్నీ ముట్టుకోనివ్వదు.”

“ఆవిడ దగ్గర ఎవరుంటారు?”

“నేనే. ఇంటికెళ్లగానే ఆఫీసులో ఏం జరిగిందో అంతా పూసగుచ్చినట్టు చెప్పాలి. ఏదైనా వదిలేస్తే కనిపెట్టేస్తుంది.”

“చెప్పు నాయనా. విసుక్కోకుండా చెప్పు.”

కుర్రాడు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వుకి ఆమెకీ పెదవులు కదిలాయి. ఫోన్‌ని చెవికి ఇంకాస్త దగ్గరగా అదుముకుంది.

“అడగకూడదేమో గానీ, ఏమైందమ్మా సార్‌కి?”

“ఏం కాలేదు. ఒకరోజు మధ్యాహ్నం భోంచేశారు. చెయ్యి కడుక్కుని ఆ గదిలోకి వెళ్లారు. అంతే.”

“ఒక్క మాటైనా చెప్పకుండానా?”

“చెప్పలేదు. నేనేం తప్పు చేశానా అని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను.”

“మీ తప్పేముందమ్మా ఇందులో?”

ఇన్నేళ్లలో ఆ మాట ఆమెతో అన్నవాళ్లు లేరు. చెప్పుకుంటే కదా అనడానికి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చీర కొంగుతో ఒత్తుకుని, అతనికి వినపడకుండా ముక్కు ఎగబీల్చింది.

“ఒక్క నిమిషం లైన్‌లోనే ఉండండమ్మా,” అన్నాడు కుర్రాడు. ఏదో సంగీతం మొదలైంది. అది ఆగేదాకా ఆమె టేబుల్ అంచు మీద పేరుకున్న దుమ్ముని వేలితో తుడుస్తూ కూర్చుంది.

“మా మేనేజర్‌తో మాట్లాడాను. మామూలుగా అయితే చాలా అడుగుతారు. మీ విషయం చెప్పాక సరేనన్నాడు. ఇక్కణ్నుంచే మార్చేస్తాను. కాకపోతే ఆ పాత కంప్యూటర్ ఇంక పనిచెయ్యదు, తెర నల్లగా అయిపోతుంది. దాంతో మీకేం పని లేదుగా?”

ఆమె మళ్లీ ఆ తలుపు వైపు చూసింది. ఈసారి చాలాసేపు చూసింది.

“అమ్మా, ఉన్నారా?”

“ఉన్నాను. నాకేం పని లేదు. మార్చెయ్ బాబూ.”

టకటకమని కీబోర్డు చప్పుడు వినిపించింది. ఆమె ఎదురుగా మొరాయించి కూర్చున్న తెర ఒక్కసారి మిణుక్కుమని, నీలంగా విచ్చుకుంది.

“వచ్చిందామ్మా?”

“వచ్చింది. చల్లగా ఉండు.”

“వేళకి తినండమ్మా. ఒక్కరే ఉంటే తిండి మీద ధ్యాస ఉండదు. మా అమ్మని చూస్తున్నాగా.”

“అలాగే,” అంది ఆమె. ఇంకేదైనా అడుగుతాడేమోనని చూసింది. అడిగేవి అయిపోయినట్టున్నాయి, సెలవు తీసుకుని ఫోన్ పెట్టేశాడు.

ఇల్లు మళ్లీ ఎప్పటిలా అయిపోయింది. వంటింట్లో కొళాయి బొట్టుబొట్టుగా కారుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. ఆమె కుర్చీ ముందుకి లాక్కుని వాచకంలో మొదటి పేజీ తెరిచింది.

పక్కగది తలుపు కిర్రుమంది. చెవులకున్న హెడ్‌ఫోన్లు మెడలోకి లాక్కుంటూ ఆమె భర్త గుమ్మంలోకి వచ్చాడు.

“ఏమే,” అన్నాడు, మూడేళ్ల తర్వాత మొదటిసారి. “నా కంప్యూటర్‌కి ఏమైంది?”